బస్సు ఆపే ముందు వేయాల్సిన ఓటు

ఇంగ్లండు మధ్య ప్రాంతంలోని ఒక పట్టణంలో నేను సిటీ బస్సు నడుపుతున్నాను. మాది విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల పక్క పల్లె. నా భార్య నర్సు. ఆసుపత్రి ఉద్యోగం మీద ఆమెకు వీసా వచ్చింది; ఆమె వెంట డిపెండెంటుగా నేనూ వెళ్ళాను. అలా భార్యల వెంట వెళ్ళిన మన వైపు మగవాళ్ళు చాలామంది గోదాముల్లోనో కేర్ హోముల్లోనో పనికి కుదురుకుంటారు. నాకు చేతనైన పని స్టీరింగు పట్టడం. విజయనగరంలో ఆర్టీసీకి అద్దెకు తిప్పే ప్రైవేటు బస్సు మీద కొన్నేళ్ళు పనిచేసి ఉన్నాను కాబట్టి, ఇంగ్లండు లైసెన్సు పరీక్షలు కట్టి, పాసై, ఒక బస్సు కంపెనీ గ్యారేజీలో చేరాను.

అద్దె బస్సు డ్రైవరుకు యూనియన్ అన్నది పక్కింటి పెళ్ళి లాంటిది. చూడవచ్చు గాని పీటల మీద కూర్చోలేడు. కండక్టరు ఆర్టీసీ మనిషి, డ్రైవరు బస్సు యజమాని మనిషి. ఒకే బస్సులో, ఒకే ఎండలో తిరిగే ఇద్దరికీ జీతం వేరు, భద్రత వేరు. 2015 మే 6 నుంచి 13 వరకు ఆర్టీసీ సమ్మె జరిగి, 43 శాతం ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద పెంపు) సాధించి కార్మికులు తిరిగి బస్సులెక్కినప్పుడు, డిపో గేటు దగ్గర రంగులు చల్లుకుంటున్న వాళ్ళను చూసి నాకు సంతోషమే కలిగింది గాని, అందులో నాకు దక్కేది ఒక్క రూపాయి కూడా లేదు. ఆ బేరంలో అద్దె బస్సుల డ్రైవర్ల మాటే లేదు. అందుకే ఇంగ్లండులో నా పేరున యూనియన్ కార్డు వచ్చిన రోజు నాకు చాలా విలువైనదిగా తోచింది. సభ్యత్వం ఎవరూ బలవంతం చేసి ఇవ్వలేదు, నేనే అడిగి తీసుకున్నాను.

జీతాల వివాదం 2023లో వచ్చింది. మన ఆర్టీసీలో పలాస డిపో డ్రైవరుకూ హిందూపురం డిపో డ్రైవరుకూ ఒకే స్కేలు. బ్రిటన్‌లో అలా కాదు. 1986 అక్టోబరు 26న లండన్ వెలుపల బస్సు రవాణాను పోటీకి వదిలేశారు. ఆ తరువాత ప్రభుత్వ బస్సు సంస్థలు ఒక్కొక్కటిగా ప్రైవేటు చేతుల్లోకి పోయాయి. ఇప్పుడు కంపెనీకొక రేటు, ఒక్కోసారి గ్యారేజీకొక రేటు. ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న రెండు ఊళ్ళ డ్రైవర్లకు గంటకు రెండు పౌండ్ల తేడా ఉండడం అక్కడ వింత కాదు. దేశమంతటికీ కలిపి ఒక బేరం లేదు కాబట్టి, ప్రతి గ్యారేజీ తన పోరాటం తానే చేసుకోవాలి.

మా రేటు ఏటా ఏప్రిల్‌లో మారాలి. ఆ ఏడు కంపెనీ గంట రేటు మీద కొద్దిపాటి పెంపు, దానితోపాటు ఒకేసారి చేతికిచ్చే కొంత మొత్తం ఇస్తామంది. చూడడానికి ఆ మొత్తం ఘనంగానే కనిపించింది. కొత్తగా వచ్చి, అద్దె అడ్వాన్సులకూ విమానం టికెట్లకూ అప్పులు చేసి ఉన్న మాలాంటి వాళ్ళకు మరీ ఘనంగా కనిపించింది. కానీ అది గంట రేటులో కలవదు. రేటులో కలవనిది ఓవర్‌టైములో రాదు, సెలవు జీతంలో రాదు, పెన్షన్ లెక్కలోకి రాదు, వచ్చే ఏడాది పెంపు దాని మీద పడదు. యూనియన్ అడిగినవి రెండు: పెంపు మొత్తం రేటులోనే కలపాలి, రెండు ముక్కల డ్యూటీలో మధ్య ఖాళీకి ఎంతో కొంత కట్టివ్వాలి.

ఈ రెండు ముక్కల డ్యూటీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పొద్దున్న బడిపిల్లల వేళకూ ఆఫీసు వేళకూ బస్సులు ఎక్కువ కావాలి, మధ్యాహ్నం అక్కర్లేదు, సాయంత్రం మళ్ళీ కావాలి. కాబట్టి ఒకే డ్రైవరును తెల్లవారుజామున పిలిచి, తొమ్మిదిన్నరకు వదిలి, మూడింటికి మళ్ళీ బండెక్కిస్తారు. మధ్య గంటలకు జీతం లేదు. బ్రిటన్ నిబంధనల ప్రకారం బస్సు డ్రైవరు రోజుకు 10 గంటలకు మించి నడపకూడదు, ఐదున్నర గంటలు నడిపాక కనీసం 30 నిమిషాలు విరామం తీసుకోవాలి. కానీ పని దినం మొదటి నుంచి చివరి దాకా 16 గంటల వరకు సాగవచ్చు. ఇల్లు దగ్గరున్న వాడు ఇంటికి పోతాడు. నాలాంటి వాడికి పోను రాను బస్సుల్లోనే రెండు గంటలు పడుతుంది. అందుకని కాంటీనులో గోడవారగా రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని, కంపెనీ ఇచ్చిన పసుపు జాకెట్టు ముఖం మీదికి లాక్కుని, పడుకుంటాం. హీటరు దగ్గరి చోటు సీనియర్లది. పక్కన ఒకడు టీవీ పెడతాడు, ఇంకొకడు మైక్రోవేవ్‌లో చేపలు వేడి చేస్తాడు. నిద్ర పట్టదు, అది విశ్రాంతీ కాదు. ఆ గంటలు మనవీ కావు, కంపెనీవీ కావు.

పెంపు ఎంతన్నది మరో పేచీ. ధరలు ఎంత పెరిగాయో చెప్పే సూచీలు అక్కడ రెండున్నాయి. 2022 అక్టోబరులో సీపీఐ (వినియోగదారుల ధరల సూచీ) ప్రకారం ధరల పెరుగుదల 11.1 శాతం, ఆర్పీఐ (చిల్లర ధరల సూచీ) ప్రకారం 14.2 శాతం. ఇంటి అప్పు మీద వడ్డీ లాంటివి రెండో దానిలో ఉంటాయి, మొదటి దానిలో ఉండవు. కంపెనీలు మొదటిదాన్ని, యూనియన్లు రెండోదాన్ని పట్టుకుంటాయి. ఆర్పీఐకి జాతీయ గణాంకమన్న హోదా 2013లోనే తీసేశారని మేనేజిమెంటు వాదించింది. అయితే ఏటేటా రైలు ఛార్జీలు పెంచేటప్పుడు ప్రభుత్వం చాలాకాలం ఆర్పీఐనే ఎందుకు వాడుకుందని మా యూనియన్ ప్రతినిధి అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

చర్చలు వేసవి దాటినా తేలలేదు. సమ్మె మాట వచ్చింది. మన దగ్గర సమ్మె అంటే యూనియన్ నాయకత్వం నోటీసు ఇవ్వడం, గేట్ మీటింగులు, నల్ల బ్యాడ్జీలు, చర్చలు, ఆపైన బస్సులు ఆగడం. బ్రిటన్‌లో వీటన్నిటికీ ముందు ఓటు ఉంటుంది. ప్రతి సభ్యుడి ఇంటికీ పోస్టులో బ్యాలెట్ కాగితం రావాలి. అది రహస్యంగా నింపి పోస్టులోనే తిప్పి పంపాలి. మేము ఓటు వేసిన నాటికి, 2016 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం ప్రకారం ఓటు హక్కున్న వాళ్ళలో కనీసం సగం మంది ఓటు వేయాలి, వేసిన వాళ్ళలో ఎక్కువమంది సమ్మెకు ఒప్పుకోవాలి. లండన్ బస్సులకు అప్పట్లో ఇంకో మెలిక ఉండేది: ఓటు వేయని వాళ్ళను కూడా లెక్కలో కలిపి, మొత్తం ఓటర్లలో 40 శాతం మంది సమ్మె కావాలని ఓటు వేసి ఉండాలి. మేము లండన్ వెలుపల కాబట్టి ఆ మెలిక మాకు లేదు. గెలిచాక కంపెనీకి అప్పట్లో 14 రోజుల నోటీసు ఇవ్వాల్సి ఉండేది. గెలిచిన ఓటు 6 నెలలే చెల్లేది. కాగితంలో ఎక్కడైనా లెక్క తప్పితే కంపెనీ కోర్టుకు పోయి సమ్మె ఆపించవచ్చు.

ఈ నియమాలు సమ్మెలను కష్టం చేయడానికే పెట్టినవని యూనియన్ వాళ్ళు అంటారు. నిజమే. దాని ఫలితం నేను మా ఇంట్లోనే చూశాను. నర్సుల సంఘమైన ఆర్సీఎన్ 2022 డిసెంబరు 15న ఇంగ్లండు, వేల్స్, ఉత్తర ఐర్లాండుల్లో తన 106 ఏళ్ళ చరిత్రలో అతి పెద్ద సమ్మెకు దిగింది. ఆరు నెలల గడువు తీరి 2023 జూన్‌లో ఇంగ్లండులో మళ్ళీ ఓటు పెడితే, వేసిన వాళ్ళలో 84 శాతం మంది సమ్మెకే వేశారు. కానీ వేసిన వాళ్ళు 43 శాతమే. సగం దాటలేదు కనుక అంతటి మద్దతు కూడా చట్టం దృష్టిలో చెల్లలేదు. నా భార్య ఓటు వేసింది. ఆమె వార్డులో ఓటు వేయని వాళ్ళలో వ్యతిరేకులు తక్కువ. కాగితం అందని వాళ్ళు, అందినా పక్కన పెట్టి మరచిపోయిన వాళ్ళు ఎక్కువ.

మా గ్యారేజీ ప్రతినిధికి ఆ సంగతి బాగా తెలుసు. ఆయన పాకిస్తానీ మూలాలున్న పెద్దాయన, పాతికేళ్ళ సర్వీసు. బ్యాలెట్‌కు నెల ముందు నుంచి ఆయన సమ్మె గురించి మాట్లాడడం మానేసి చిరునామాల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. గళ్ళ అట్ట ఉన్న పొడవాటి నోటుబుక్కు ఒకటి చంకలో పెట్టుకుని, డ్యూటీకి హాజరు వేసుకునే సైన్ ఆన్ కిటికీ దగ్గర, ఇంధనం పట్టే చోట, కాంటీనులో బల్ల బల్లకూ తిరిగి, "ఇప్పుడెక్కడ ఉంటున్నావు, ఫ్లాటు నెంబరు ఎంత, పోస్టు పెట్టె మీద నీ పేరు ఉందా" అని అడిగి రాసుకున్నాడు. వలస వచ్చిన వాళ్ళం అద్దె ఇళ్ళు తరచూ మారుతుంటాం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది తీసుకుని, ఒప్పందం ఒకడి పేరనే రాయించుకుంటాం. పాత ఇంటికి వెళ్ళిన కవరు అక్కడే చెత్తబుట్టలో పడుతుంది. నా పేరు కూడా ఆయన పుస్తకంలో పాత చిరునామాతోనే ఉంది. నా ఎదురుగానే ఎర్ర సిరాతో కొట్టివేసి కొత్తది రాశాడు. సగం మంది ఓటు వేయాలన్న నియమం సంఘాలను కట్టివేయడానికి పెట్టినదే కావచ్చు. కానీ దాని పుణ్యమా అని, నిన్న మొన్న చేరిన రొమేనియా కుర్రాడి దగ్గరికీ, నైజీరియా ఆవిడ దగ్గరికీ, విజయనగరం నుంచి పోయిన నా దగ్గరికీ యూనియన్ నడిచి రావలసి వచ్చింది. మేము లేకుండా ఆ సగం నిండదు.

అందరికీ కవరు అందినా అందరూ ధైర్యంగా వేయలేదు. మన తెలుగు వాళ్ళలోనూ మలయాళీలలోనూ ఉన్న భయం ఒకటే, వీసా. సమ్మె చేస్తే వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకు తెలుస్తుందనీ, రేపు శాశ్వత నివాసం అడిగినప్పుడు అడ్డు పడుతుందనీ వాట్సాప్ గ్రూపుల్లో పుకార్లు. ఇది తెలుసుకోవలసిన విషయం కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. కంపెనీ స్పాన్సర్ చేసిన ఉద్యోగి జీతం లేకుండా ఏడాదిలో 4 వారాలకు మించి పనికి రాకపోతే స్పాన్సర్‌షిప్ పోయే మాట నిజమే. కానీ చట్టబద్ధంగా జరిగిన సమ్మెలో పాల్గొన్న రోజులకు ఆ నియమంలోనే మినహాయింపు ఉంది. నాలాంటి డిపెండెంటుకు స్పాన్సరే లేడు. ఓటు రహస్యం, ఎవరు ఎటు వేశారో కంపెనీకి తెలిసే దారి లేదు. సమ్మె రోజు జీతం మాత్రం పోతుంది. ఆ నష్టం వరకు భయపడడంలో అర్థం ఉంది, దానికి సంఘం సమ్మె నిధి నుంచి కొంత ఇస్తుంది.

భయం ఒక్కటే కాదు, కొందరిలో అపనమ్మకమూ ఉంది. తెల్లవాళ్ళ సంఘం మన కోసం ఏం చేస్తుందన్న మాట కాంటీనులో విన్నాను. దానికి కారణం లేకపోలేదు. బ్రిస్టల్ నగరంలో బస్సు కంపెనీ నల్లవాళ్ళనూ ఆసియా వాళ్ళనూ డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేది కాదు. 1955లో అక్కడి యూనియన్ శాఖే అలా తీసుకోకూడదని తీర్మానం చేసింది. 1963 ఏప్రిల్ చివరలో పాల్ స్టీఫెన్సన్, రాయ్ హాకెట్, ఓవెన్ హెన్రీ తదితరులు బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చారు. నాలుగు నెలల పాటు సాగిన ఆ ఉద్యమం ముందు కంపెనీ ఆగస్టు 28న తలవంచింది. ఆ సెప్టెంబరు 17న తెల్లజాతికి చెందని మొదటి కండక్టరుగా బస్సెక్కిన వాడు రఘ్బీర్ సింగ్ అనే సిక్కు. రెండేళ్ళకు జాతి వివక్షను నిషేధించే మొదటి చట్టం వచ్చింది. ఆ పాత యూనియన్‌కు వారసురాలైన యునైట్ 2013లో క్షమాపణ చెప్పింది. ఈ చరిత్ర తెలిశాక యూనియన్‌కు దూరంగా ఉండాలని నాకు అనిపించలేదు. ఆనాడు లోపల మనవాళ్ళు లేరు కాబట్టే ఆ తీర్మానం అంత తేలిగ్గా నెగ్గిందనిపించింది.

ఓటు వేసి, కవరు పోస్టు చేసి, పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి సెలవు మీద ఇంటికి వచ్చాను. మా చిన్నాన్న ఆర్టీసీ డ్రైవరుగా విజయనగరం డిపోలో పనిచేసి, 2021లో రిటైరయ్యాడు. ఆయన ఇంటి అరుగు మీద సాయంత్రం పూట పాత డిపో వాళ్ళు నలుగురు చేరతారు. నా మాట విని చిన్నాన్న ఆశ్చర్యపోయాడు. "ఏటిరా, ముందే ఓటేసి చెప్పీసి సమ్మె చేస్తే మేనేజిమెంటు కాచుకుని కూర్చోదా?" అన్నాడు. మన దగ్గర కూడా నోటీసు ఉంది కదా అన్నాను. ఉంది: 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం రవాణా వంటి ప్రజోపయోగ సేవల్లో 14 రోజులు గడవనిదే సమ్మె చేయరాదంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని అన్ని పారిశ్రామిక సంస్థలకూ వర్తింపజేసింది. లేనిది సమ్మె మీద ఓటు. ఆర్టీసీలో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడానికి రహస్య ఓటింగు జరిగేది. ఎవరు మాట్లాడాలో కార్మికుడు తేల్చేవాడు గాని, బస్సు ఆపాలా వద్దా అన్నది ఆయన ఇంటికి కాగితం మీద వచ్చేది కాదు.

ఒకేసారి ఇచ్చే మొత్తం గురించి చెప్పగానే అరుగు మీద అందరికీ విషయం ఒక్కసారిగా అర్థమైంది. "బేసిక్‌లో కలపందే అది జీతం కాదు, తాయిలం" అన్నాడు రిటైరైన కండక్టరు ఒకాయన. 2022 జనవరిలో పీఆర్సీ (ప్రభుత్వ ఉద్యోగుల వేతన సవరణ) ప్రకటించినప్పుడు, అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న ఉద్యోగులకు 23 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చిన సంగతి వాళ్ళు తలచుకున్నారు. ఆ ఫిబ్రవరి 3న నిరసనకు వచ్చిన ఉద్యోగులతో విజయవాడ నిండిపోయింది. 7 నుంచి జరగాల్సిన సమ్మె చర్చల తరువాత ఆగింది, 23 శాతం మాత్రం మారలేదు.

2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేయడం గురించి అరుగు మీద ఏకాభిప్రాయం లేదు. చిన్నాన్నకు అది వరం. సంస్థ నష్టాల్లో ఉందన్న మాట వినకుండా నెలనెలా జీతం వచ్చిందంటాడు. కండక్టరు మాత్రం, "మేనేజిమెంటుకి ఎదురుగా బల్ల దగ్గర కూచుని ఫిట్‌మెంటు అడిగే రోజులు పోనాయి, ఇప్పుడు అందరితోపాటు పీఆర్సీ కోసం చూడాల" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నన్నడిగితే కండక్టరు చెప్పిన నష్టమే పెద్దది. తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగి, పనికి రాని వాళ్ళంతా తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టేనని ముఖ్యమంత్రి నోటి నుంచే వచ్చాక, అడిగిన విలీనం దక్కకుండానే ముగిసింది. అంతమంది ఒకటిగా నిలబడినా, సమ్మెలో ఉన్నవాడి ఉద్యోగం ఖాయమని చెప్పే స్పష్టమైన రక్షణ వాళ్ళకు కనబడలేదు. మేము ఓటు వేసిన నాటికి బ్రిటన్ చట్టం, సక్రమమైన ఓటుతో జరిగిన సమ్మెలో మొదటి 12 వారాల వరకు ఆ కారణంగా ఎవరినైనా తీసేస్తే అది అన్యాయమైన తొలగింపేనంది. ఓటు, నోటీసు, కవర్లు అన్న తతంగమంతా ఎందుకని అడిగిన చిన్నాన్నకు నేను చూపించినది ఈ రక్షణనే. ఆ తతంగం సరిగ్గా జరిగితేనే అది దక్కుతుంది.

ఇంకో ప్రశ్న కూడా ఆయనే అడిగాడు. "2015ల రోజు కూలికి డ్రైవర్లను తెచ్చి మా బళ్ళు తిప్పీసినారు. అక్కడ అలాగ తిప్పరా?" సమ్మెలో ఉన్నవాళ్ళ స్థానంలో ఏజెన్సీలు మనుషులను పంపకూడదన్న నిబంధన బ్రిటన్‌లో చాలాకాలం ఉంది. 2022 జూలైలో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. యూనియన్లు హైకోర్టుకు వెళ్ళాయి. సరైన సంప్రదింపులు లేకుండా చేశారని కోర్టు కొట్టేసింది. 2023 ఆగస్టు 10 నుంచి పాత నిబంధన మళ్ళీ వచ్చింది. మా ఓటు దాని తరువాత పడింది. అది మా అదృష్టం.

ఫలితం నేను విజయనగరంలో ఉండగానే ఫోనుకు వచ్చింది. నాలుగింట మూడు వంతుల మంది ఓటు వేశారు, వాళ్ళలో అత్యధికులు సమ్మెకే వేశారు. నోటీసు వెళ్ళింది. ప్రభుత్వ నిధులతో నడిచే మధ్యవర్తి సంస్థ ఆకాస్ ఇరుపక్షాలనూ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మాట్లాడింది. మొదటి సమ్మె తేదీకి మూడు రోజుల ముందు కంపెనీ ఒకేసారి ఇస్తానన్న మొత్తాన్ని రేటులో కలపడానికి ఒప్పుకుంది, ఏప్రిల్ నుంచి బకాయిలతో సహా. దాన్ని తీసుకోవాలా వద్దా అని మళ్ళీ ఓటు పెట్టారు. నేను తిరిగి వెళ్ళాక కాంటీనులో దాని మీద వాదన గట్టిగానే జరిగింది. మధ్య ఖాళీ గంటలకు కంపెనీ ఏమీ ఇవ్వలేదు. అందుకు కోపగించి వద్దని వేసిన వాళ్ళలో నేనొకణ్ణి. ఒప్పుకోవాలన్న వాళ్ళు నెగ్గారు. వాళ్ళ తీర్పును నేను గౌరవిస్తాను. ఒక్క బస్సూ ఆగకుండా, ఒక్కరి జీతమూ పోకుండా రేటు పెరిగిన మాట వాస్తవం.

2025 డిసెంబరులో వచ్చిన ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం నోటీసును 10 రోజులకు తగ్గించి, ఓటు గడువును 12 నెలలకు పెంచింది. ఆన్‌లైన్ ఓటింగుకూ దారి వేస్తున్నారు. అది వస్తే పాత చిరునామాల బాధ తప్పుతుంది. మా గ్యారేజీ తదుపరి కోర్కెల పత్రంలో మధ్య ఖాళీకి చెల్లింపును ఈసారి మొదటి వరుసలో రాశారు. ప్రతినిధి నోటుబుక్కు పట్టుకుని మళ్ళీ బల్ల బల్లకూ తిరుగుతున్నాడు. తెలుగు, మలయాళం కుర్రాళ్ళ దగ్గరికి నన్నూ వెంట తీసుకువెళుతున్నాడు.